జలమార్గమును, పడవవారి తెలివియు

కాకినాడ మొదలు పుదుచ్చేరి వరకు గల కాలువలను, కృష్ణా గోదావరుల కొంతభాగమును 2008లో కేంద్రప్రభుత్వము నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించినది. టన్ను సరకును మోయుటకు లారీకన్న పడవకు పట్టు చమురు తక్కువ. విడుచు పొగయు తక్కువ. కావున నీ ఆశయమును మేము హృదయపూర్వకముగా నామోదించుచున్నాము. కాని త్రవ్వినంతమాత్రమున కాలువ మార్గమగునా?

బకింగుహాము కాలువ 1876-78 నాటి ఘోరక్షామమున ఆకలిగొన్న కూలీల చెమటతో విస్తరించినది. ధాన్యము, ఉప్పు, కట్టెలు దానిమీదుగా చెన్నపట్టణము చేరెడివి. ఏ లాకు నెప్పుడు దాటవలెనో, ఏ తావున సముద్రపు పోటు పడవను తేల్చునో, ఎచ్చట తెరచాప నెత్తవలెనో, ఎచ్చట గట్టున నడచి త్రాటితో లాగవలెనో పడవవారికి తెలియును. ఆ తెలివి తండ్రి నోటినుండి కొడుకు చెవికి వచ్చినదే గాని, చాలవరకు కాగితమున కెక్కలేదు. 1965, 1966, 1976 సంవత్సరముల తుపానులు కాలువను చెరచినవి. పడవలు పోయినవి, ఎరిగినవారు వృద్ధులైరి.

యంత్రములు దిగుటకు ముందే అధికారులు ఆ వృద్ధుల మాటలను, పాత లాకుల లెక్కలను సేకరించి, తెలుగున, తమిళమున అచ్చొత్తించి, కాలువగట్టు గ్రామముల పఠనాలయముల నుంచవలెనని కోరుచున్నాము. ఇందులకు వ్యయము స్వల్పము, ఆలస్యమే ప్రమాదము. పూడిన కాలువను మరల త్రవ్వవచ్చును. పూడిన తెలివిని త్రవ్వు యంత్రము లేదు.