పిల్లల్ని ఒకసారి పెన్నా దగ్గరకు తీసుకెళ్దాం



సెలవులు దగ్గరపడితే మన ఇళ్లలో జరిగే చర్చ ఒకటే: పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి? చివరికి బెంగళూరు వాటర్ పార్కుకే ఎక్కువ ఓట్లు పడతాయి. అమెరికాలో ఉన్న చిన్నాన్న కొడుకు సరస్సులో కయాక్ నడుపుతున్న ఫొటో వాట్సాప్‌లో పెడితే, ‘మనకెక్కడిది ఆ భాగ్యం, ఇది అనంతపురం’ అని నిట్టూరుస్తాం. ఆ మాటను నేను ఒప్పుకోను. మనకూ నది ఉంది, ఊటలున్నాయి, పడవ ఎక్కే దారీ ఉంది. అవి పిల్లలకు తెలియకపోవడం ఇప్పుడు ప్రమాదం కూడా.

కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టే పెన్నా హిందూపురం వైపు నుంచి మన రాష్ట్రంలోకి వస్తుంది. పెన్నహోబిలం, పామిడి, తాడిపత్రి, గండికోట దాటి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. మొత్తం 597 కిలోమీటర్లు. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమ కాబట్టి ఎక్కువ రోజులు ఇక్కడ కనిపించేది ఇసుకే. కానీ ఆ ఇసుక కింద నీళ్లుండేవని మన పెద్దలకు తెలుసు. ఏట్లో చెలమ తీసి కడవ నింపుకున్నారు. ఊటకాలువలు తవ్వి పొలాలు తడిపారు. తాడిపత్రిలో పెన్నా ఒడ్డునున్న రామలింగేశ్వరుడి పేరులో ‘బుగ్గ’ అనే మాట చేరిందీ అక్కడి నీటి ఊట వల్లే. భారతదేశ నదుల పటం తప్పు లేకుండా గీసే మన పిల్లల్లో ఎంతమందికి చెలమ అంటే ఏమిటో తెలుసు?

ఇంకో సంగతి. ఈ సీమకు ఇప్పుడు బయటి నీళ్లు కూడా వస్తున్నాయి. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు చాలా ఏళ్లుగా మన జలాశయాలకు చేరుతున్నాయి. హంద్రీ-నీవా ద్వారా 2012లో కృష్ణా నీళ్లు జీడిపల్లికి వచ్చాయి. పొలాల్లో ఫారం పాండ్లు వెలిశాయి. ఇక వాన పడితే ఒక్కసారిగా పడుతోంది. 2021 నవంబరులో చిత్రావతి వరదలో చిక్కుకున్నవారిని వాయుసేన హెలికాప్టర్‌తో కాపాడాల్సి వచ్చింది. 2022 అక్టోబరులో అనంతపురం కాలనీలనే నీళ్లు ముంచెత్తాయి. నీళ్లు పెరిగాయి, మన పిల్లలకు నీళ్లతో పరిచయం మాత్రం పెరగలేదు. బాటిల్, ట్యాంకర్, షవర్... వాళ్లకు తెలిసిన నీళ్లు అంతే. అందుకే చెరువు మరువ పారిన రోజున సెల్ఫీ కోసం కట్ట దిగిపోతారు. ఈత రాని పిల్లలు కుంటలో మునిగిపోయారన్న వార్త మనం చదవని ఏడాది లేదు.

‘అందుకే కదా నీళ్ల దగ్గరకు పంపం’ అని మీరు అనవచ్చు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరం మనం మరిచిపోలేదు. ఆ రోజు గోదావరి వరద మీద ఉంది. వరదలో పడవ ఎక్కకూడదని, లైఫ్ జాకెట్ లేకుండా కదలకూడదని పిల్లలు నేర్చుకోవాలంటే ఎవరో ఒకరు నేర్పాలి కదా. వద్దని మాత్రమే చెబితే మన కన్నుగప్పి వెళతారు, అదీ ఏమీ తెలియకుండా వెళతారు.

నేర్పడానికి చిన్న పడవకు మించిన బడి లేదు. కయాక్ గానీ, మన పుట్టి గానీ ఇంజన్ లేకుండా నీటి మట్టానికి ఆనుకుని కదులుతాయి. గాలి ఎటు వీస్తోందో, నీరు ఎటు లాగుతోందో తెడ్డు పట్టిన చేతికి తెలుస్తుంది. పుట్టి గుండ్రంగా ఉంటుంది, తెడ్డు తప్పుగా వేస్తే ఉన్నచోటే తిరుగుతుంది. ఆ ఒక్క అనుభవంతో ఫిజిక్స్ పుస్తకంలోని బలాల పాఠం సగం అర్థమవుతుంది. శ్రీకృష్ణదేవరాయల కాలంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, బుట్టల్లాంటి గుండ్రటి పడవల్లో జనం తుంగభద్ర దాటడం గురించి రాశాడు. హంపీలో ఆ పుట్టీలు ఇప్పటికీ ఉన్నాయి. డ్యాం గేట్లు ఎత్తి నీళ్లు వదిలితే వాటిని ఆపేస్తారు. ఎందుకు ఆపారో పిల్లలకు చెప్పండి, అదీ ఒక పాఠమే.

కాబట్టి నా సూచనలు మూడు. ఒకటి, పదేళ్లు నిండేలోపు ప్రతి బిడ్డకూ, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఈత నేర్పిద్దాం. ట్యూషన్‌కు పెట్టే గంటల్లో కొన్ని చాలు. రెండు, ఏడాదిలో ఒక్కరోజు పెన్నాకు ఇద్దాం. ప్రవాహం లేనప్పుడు పెద్దవాళ్లు పక్కనుండి ఇసుకలో చేతులతో చెలమ తీయించండి. తాడిపత్రి బుగ్గ చూపించండి. అక్కడి నుంచి గండికోట వెళ్లి, అనుమతి ఉన్న పడవలో, జాకెట్ బిగించి, లోయ అడుగు నుంచి కొండల్ని చూపించండి. మూడు, ఇసుక తోడిన గుంతల్లో, గేట్ల దిగువన, పారుతున్న వంకలో ఎందుకు దిగకూడదో ఆ చోటే నిలబడి చెప్పండి. ఇంట్లో చెప్పిన పది మాటల కంటే ఇది గుర్తుంటుంది.

పాఠశాల యాజమాన్యానికీ ఒక విన్నపం. ఈసారి విహారయాత్ర జాబితాలో వాటర్ పార్కు స్థానంలో పెన్నాను పెట్టండి. శిక్షణ ఉన్న గజ ఈతగాళ్లు, సరిపడా జాకెట్లు, మా సంతకంతో అనుమతి పత్రం... ఇవన్నీ ఉంటే మా పిల్లల్ని ముందుగా పంపేది మేమే. కరవు సీమ బిడ్డకు నీటి చుక్క విలువ ఎవరూ చెప్పనక్కర్లేదంటారు. విలువతో పాటు నీటి బలం కూడా తెలిసినప్పుడే ఆ చదువు పూర్తవుతుంది.