గౌరవ వేతనమా, జీతమా?

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళు మేము వ్రాసిన జీతాల బిల్లుల్లో మూలవేతనం, కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం అని గడులుండేవి. అంగన్‌వాడీ టీచరుకు ఆ గడులేవీ లేవు. ఆమెకిచ్చేది ‘గౌరవ వేతనం’. అన్యాయమంతా ఆ మాటలోనే ఉన్నది.

2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగేనాటికి టీచరుకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. ఇదే రాష్ట్రంలో 2022 వేతన సవరణ ప్రకారం అటెండరు మూలవేతనం 20,000తోను, ఒకటో తరగతికి చెప్పే సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయుని మూలవేతనం 32,670తోను మొదలవుతుంది. అటెండరుకు ఎక్కువ ఇస్తున్నారని మా బాధ కాదు. ఆ జీతంతో ఇల్లు గడపడమెంత కష్టమో దగ్గరనుండి చూసినవాళ్ళం. ఆరేళ్ళ బిడ్డకు చదువు చెబితే ఉద్యోగం, నాలుగేళ్ళ బిడ్డకు చెబితే సేవ ఎలా అయింది?

మా ప్రత్తిపాడు ప్రాంతంలో మిరప కోతల రోజుల్లో తల్లులు పొద్దు పొడవకముందే పొలాలకు పోతారు. పిల్లలకు అన్నం పెట్టేది, బరువు తూచేది, ఆ లెక్కలన్నీ ఫోనులో ఎక్కించేది అంగన్‌వాడీ టీచరే. ఇంట్లో ఉర్దూ తప్ప వినని మన బిడ్డకు తెలుగు అక్షరం మొదట చూపేదీ ఆమే.

ఆమె ఎవరన్నది మాత్రం అవసరాన్ని బట్టి మారుతుంది. కర్ణాటకకు చెందిన అమీర్‌బీ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇది ప్రభుత్వ కొలువు కాదన్నది. పల్లెలో నెలకు 10,000 దాటితే సంక్షేమ పథకాలు రావన్నప్పుడు ఆ గౌరవ వేతనమే ఆదాయమైపోయింది. 2024 జనవరి 6న ఈ పనిని అత్యవసర సర్వీసుగా ప్రకటించి ఎస్మా ప్రయోగించారు. కొలువే కాని పనిని మానితే నేరమా? గ్రాట్యుటీ వీరికీ వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినా, దానికోసమే మళ్ళీ రోడ్డెక్కవలసి వచ్చింది. ఆ సమ్మె 42 రోజులు సాగింది.

ఇక మన ఇంటి లెక్క. వీధి పిల్లలను వరండాలో కూర్చోబెట్టుకొని ఖాయిదా నేర్పే ఉస్తానీకి మనమిస్తున్నదెంత? మేము ఒక మసీదు కమిటీ లెక్కలు చూసిన కాలంలో ఆమె పద్దును మా చేతితోనే ‘హదియా’ అని వ్రాశాము. మైకు మరమ్మతుకు రశీదుతో సహా సొమ్ము అందేది. ఆమెకు రెండు నెలలు ఆలస్యమైనా ఎవరమూ అడగలేదు. సవాబు దొరుకుతుందిలే అనుకున్నాము. చెమట ఆరకముందే కూలి ముట్టజెప్పాలని మాత్రం ప్రతి జుమాకూ వింటూనే ఉన్నాము!

అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళ సభలకు మన మొహల్లాల మగవారు కూడా వెళ్ళాలి. రంజాన్‌కు ముందు కమిటీలు లెక్కల పుస్తకం తెరిచినప్పుడు, ఉస్తానీ పద్దులో ‘హదియా’ కొట్టివేసి ‘జీతం’ అని వ్రాయాలి. పక్కనే మొత్తం, చెల్లించే తేదీ కూడా వ్రాయాలి.