ఒప్పందం కంటే ముందు తోట పుస్తకం



పైన వీడియోలో మా తోతాపురి కాయ చూశారు కదా. 2025 సీజన్‌లో మన చిత్తూరు సైడు ధర ఎట్ల పడిపోయిందో మీకు చెప్పక్కర్లేదు. కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించాల్సి వచ్చింది. అప్పుడు ఒక పెద్దాయన నన్నడిగినాడు: "ఇప్పుడే ఇట్లుంటే, రేపు దేశాలన్నీ కలిసిన వాణిజ్య కూటమిలో చేరితే మన గతేందబ్బా?"

ఈ భయం కొత్తది కాదు. ఆర్‌సెప్ కూటమిలో చేరలేమని 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో మన దేశం చెప్పేసింది. న్యూజిలాండ్ పాలపొడి చౌకగా దిగితే రెండు ఆవులతో బతికే రైతు ఏమైపోతాడని అప్పట్లో రైతు సంఘాలు గట్టిగా అడిగినాయి. నా లెక్కలో ఆ నిర్ణయం సరైందే. మిగతా 15 దేశాలు 2020లో సంతకాలు పెట్టినాయి, 2022 జనవరి 1 నుంచి అమలు మొదలైంది.

నా బాధ వేరే. తలుపు మూసుకున్నాం సరే, ఆ టైములో ఇల్లు సర్దుకున్నామా?

ఆ ఒప్పందంలో కంబోడియా, లావోస్, మయన్మార్‌లకి ఎక్కువ గడువు ఇచ్చినారు. సాంకేతిక సహకారానికి ఒక అధ్యాయమే పెట్టినారు. అయితే గడువు ఒక్కటే చాలదు. వియత్నాంని చూడండి. చైనాతో సుంకాల ఒప్పందం ఎప్పటినుంచో ఉన్నా, వాళ్ల తాజా దురియన్ పండుకి అధికారికంగా దారి దొరికింది 2022లోనే. దానికి ప్రతి తోటకీ ఒక కోడ్, ప్రతి ప్యాకింగ్ షెడ్డుకీ ఒక కోడ్ ఉండాల. సుంకం తగ్గినా, తోట రికార్డు లేకుంటే సరుకు కదల్లేదు.

మన సంగతి? జీవామృతం ఎప్పుడు పారించినామో నోటితో చెప్తాం. నేనూ అంతే. ఒక కొనుగోలుదారుడికి శాంపిల్ పంపితే రుచి అడగలేదు, మందుల అవశేషాల రిపోర్టు అడిగినాడు. నా దగ్గర లేదు. ఆర్డర్ పోయింది. తప్పు నాదే.

మన ఊళ్లో మాట నిజమని తేలాలంటే కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే చాలు. సముద్రం అవతల ఉండేవాడికి కాగితమే ప్రమాణం. పీజీఎస్ సర్టిఫికెట్ మన దేశంలో అమ్ముకోడానికి పనికొస్తుంది. ఎగుమతికి ఎన్‌పీఓపీ కావాల. మామిడి లాంటి చెట్లకు మార్పిడి కాలమే సాధారణంగా మూడేళ్లు. సంతకం అయినాక మొదలుపెడితే మూడు పంటలు చేజారినట్టే.

"మనం తినేదానికి ఇదంతా ఎందుకు?" అంటారు కొందరు. మనం ఎగుమతి చేయకపోయినా వాళ్ల సరుకు మన మార్కెట్‌కి వస్తుంది. చెన్నై, బెంగళూరు కొనుగోలుదారులు కూడా ఇప్పుడు రిపోర్టే అడుగుతున్నారు.

అందుకే ప్రభుత్వాన్ని అడగాల్సింది మూడు. గ్రూపు సర్టిఫికెట్ ఖర్చులో వాటా, రైతుకు అందేంత దగ్గర్లో అవశేషాల ల్యాబ్, పాల మీద సుంకం తగ్గించే ముందు చిన్న రైతుకి తగినంత గడువు. మనం చేయాల్సింది ఒకటే: ఈరోజే ఒక నోట్‌బుక్ కొని, తోటలో ఏం వేసినామో, ఎప్పుడు వేసినామో రాయడం. పక్క తోటలో మందు కొట్టిన రోజు కూడా రాయండి, గాలికి అది మన కాయ మీద పడుతుంది.

మీ గ్రూపులో రికార్డు ఎట్ల రాస్తున్నారో కామెంట్లో చెప్పండి. వచ్చే వీడియోలో నా పుస్తకం తెరిచి చూపిస్తా, తప్పులతో సహా.