ఏ జంతువులో?

“జంతువులపై జరిపిన ప్రయోగాలలో ఈ విషయం తేలింది” అన్న వాక్యం తెలుగు వైద్యవ్యాసాలలో తరచు ఎదురవుతుంది. నేనూ దాన్ని నిస్సంకోచంగా రాసినవాడినే. ఆ వాక్యం మీద నాకున్న ధీమాను చెదరగొట్టినది ఒక పశువైద్య గ్రంథం. ఆడ్ రైన్‌బెర్క్, హాన్స్ కోయిస్ట్రాల ‘క్లినికల్ ఎండోక్రైనాలజీ ఆఫ్ డాగ్స్ అండ్ క్యాట్స్’ దాని పేరు. రెండవ కూర్పు 2010లో వెలువడింది. సంపాదకులిద్దరూ నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి చెందినవారు. మనుషుల వైద్యుడికి కుక్కల, పిల్లుల గ్రంథంతో పనేమిటనుకుంటూనే తెరిచాను. ఆ వెంట వారి పరిశోధన పత్రాలు కూడా చదివాక, చిన్ననాడు చదువుకున్న పాఠమొకటి తిరగరాసుకోవలసి వచ్చింది.

కంఠంలోని థైరాయిడ్ గ్రంథి మందగిస్తే, మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి పెరుగుదల హార్మోనును తక్కువగా స్రవిస్తుందన్నది ఆ పాఠం. దాన్ని మనకు నేర్పింది ఎలుక. థైరాయిడ్ తీసివేసిన ఎలుక పీయూష గ్రంథిలో పెరుగుదల హార్మోను బాగా పడిపోతుంది. థైరాయిడ్ హార్మోను ఇస్తే తిరిగి పుంజుకుంటుంది. కారణం కూడా తెలిసినదే. ఎలుకలో పెరుగుదల హార్మోను జన్యువును థైరాయిడ్ హార్మోను నేరుగా ప్రేరేపిస్తుంది. ఆ ప్రేరణ లోపిస్తే తయారీ కుంటుపడుతుంది. తర్కం ఇంత తేటగా ఉన్నప్పుడు, అది అన్ని ప్రాణులకూ వర్తిస్తుందని అనుకోవడం సహజమే.

కుక్క దగ్గర ఆ తర్కం తలకిందులవుతుంది. ఉట్రెక్ట్ పరిశోధకులు బీగిల్ జాతి కుక్కలకు థైరాయిడ్ లోపం కలిగించి, దీర్ఘకాలం గమనించి, ఫలితాలను 2008లో ప్రకటించారు. ఆ కుక్కల రక్తంలో పెరుగుదల హార్మోను తగ్గలేదు, పెరిగింది. పీయూష గ్రంథి పెద్దదయింది. పెరుగుదల హార్మోనునూ, థైరాయిడ్‌ను ప్రేరేపించే టీఎస్‌హెచ్‌నూ రెండింటినీ తమలో ఇముడ్చుకున్న కణాలు అందులో కనిపించాయి. అంతేకాదు, మొదట పెరిగిన టీఎస్‌హెచ్ కాలక్రమాన దిగిపోయింది. మనిషిలో థైరాయిడ్ లోపానికి మనం మొట్టమొదట పిలిచే సాక్షి టీఎస్‌హెచ్. కుక్క విషయంలో ఆ సాక్షి మధ్యలో మాట మార్చేస్తుంది.

మరి మనిషి? ఫలితంలో ఎలుకకే దగ్గర. థైరాయిడ్ లోపమున్న పిల్లలలో పెరుగుదల హార్మోను పరీక్షకు స్పందన తగ్గుతుంది. థైరాక్సిన్ ఇస్తే కోలుకుంటుంది. అయితే మానవ జన్యువు మీద ఆ ప్రభావం ఎలుకలో ఉన్నంత సూటిగా కనిపించదు. ఫలితం ఒకటే అయినంతమాత్రాన దారి కూడా ఒకటేనని చెప్పలేము.

ఇది పండితుల పట్టింపు కాదు. పిల్లవాడు ఎదగడంలేదని తల్లిదండ్రులు వచ్చి, ఖరీదైన ఇంజెక్షన్ల గురించి అడుగుతారు. థైరాయిడ్ సంగతి తేల్చకుండా పెరుగుదల హార్మోను పరీక్ష చేస్తే, లేని లోపం ఉన్నట్టు కనిపించవచ్చు. చవకైన మాత్రతో తీరవలసిన కష్టం ఏళ్ళ తరబడి సూదిపోటుగా మారవచ్చు. నేనుంటున్న ఒమన్‌లో శిశువు పుట్టగానే బొడ్డుతాడు రక్తంలో టీఎస్‌హెచ్ చూస్తారు. ఎంతో మేలు చేసే పద్ధతి అది. కాని పీయూష గ్రంథిలోనే లోపముంటే టీఎస్‌హెచ్ పెరగదు. ఆ పరీక్షకు అది చిక్కదు. కొన్నేళ్ళ తరవాత వచ్చే థైరాయిడ్ లోపాన్ని పుట్టిననాటి పరీక్ష ముందే చెప్పలేదు. ఏ పరీక్ష ఎవరిలో ఎంతవరకు నిజం చెబుతుందో తెలిసినప్పుడే అది వైద్యమవుతుంది.

ఇదే దేశంలోని దోఫార్ కొండలలో ఒంటెలను, ఆవులను, మేకలను మేపుకుని బతికేవారున్నారు. జంతువుకు జబ్బు చేసిందని వారితో అంటే, ‘ఏ జంతువుకు?’ అన్నదే వారి మొదటి ప్రశ్న అవుతుంది. కాపరికి ఉన్న ఆ పట్టింపు వైద్యవ్యాసం రాసేవారికి లేకపోవడం చిన్నతనం.

జంతు ప్రయోగాలు వ్యర్థమని నా వాదన కాదు. ఎలుకే లేకపోతే ఆ జన్యువు కథ మనకు తెలిసేది కాదు. బీగిళ్ళు లేకపోతే, మూతి ఉబ్బి, బొచ్చు రాలి, దిగులుగా కూర్చునే కుక్కకు ఏమయిందో పశువైద్యుడికి ఇంత స్పష్టంగా అర్థమయ్యేది కాదు. మన జ్ఞానం కోసం అవి తమ గ్రంథులను పోగొట్టుకున్నాయి. వాటన్నిటినీ కలిపి ‘జంతువులు’ అని ఒక్క మాటలో తుడిచివేయడం శాస్త్రానికీ అపచారమే, వాటికీ అపచారమే. ఎలుకలో తేలినదాన్ని ఎలుకలో తేలిందనే రాద్దాం. అలా రాయనివారిని, చదివేవారిగా, ‘ఏ జంతువులో?’ అని అడుగుదాం.