ఏడడుగుల తలుపు

పెళ్ళిలో ఏడడుగులు నడిచినప్పుడు, ఏడడుగుల తలుపు ఒకటి నా కాపురంలో ఇంత పెద్ద విషయం అవుతుందని అనుకోలేదు. మా గ్యారేజీ తలుపు సంగతే చెబుతున్నాను.

ఇండియాలో ఉండి చదివేవాళ్ళకి ముందు ఒక మాట చెప్పాలి. డాలస్ దగ్గర మేముండే ఇలాంటి ఊళ్ళలో వీధి గుమ్మం పండగకి మామిడాకులు కట్టడానికీ, చుట్టాలు రావడానికీ మాత్రమే. రోజూ మనం వచ్చేదీ పోయేదీ గ్యారేజీలోంచే. చెప్పులు అక్కడే, సోనా మసూరి బస్తాలు అక్కడే, రెండో ఫ్రిజ్ అక్కడే. ఇంట్లోకి వాసన రాకుండా గారెలు వేయించుకునే స్టవ్ కూడా చాలామందికి అక్కడే. పదహారడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, వంద కిలోలకి అటూ ఇటూ బరువు ఉన్న ఆ తలుపు ఇంట్లో కదిలే వస్తువులన్నిటిలోకీ పెద్దది. పిల్లలు రోజూ దాని కింది నుంచే పరుగెడతారు.

అలాంటి దాని గురించి ఎనిమిదేళ్ళ పాటు నాకు తెలిసింది ఒక్కటే. బటన్ నొక్కితే లేస్తుంది. మిగతాది మావారి డిపార్ట్‌మెంట్.

2021 ఫిబ్రవరిలో ఆ డిపార్ట్‌మెంటుకి సెలవు వచ్చింది. టెక్సస్ అంతా గడ్డకట్టుకుపోయిన వారం అది. నలభై లక్షలకి పైగా ఇళ్ళకి కరెంటు లేదు. మావారు ఆఫీసు పని మీద వేరే రాష్ట్రానికి వెళ్ళి, ఫ్లైట్లు రద్దయి అక్కడే చిక్కుకుపోయారు. మా చిన్నవాడికి పిల్లికూతలు. నెబ్యులైజర్ పెడదామంటే కరెంటు లేదు. నాలుగు మైళ్ళ దూరంలో స్నేహితురాలి ఇంట్లో కరెంటు ఉందని తెలిసి, వాడిని దుప్పట్లలో చుట్టి కార్లో కూర్చోబెట్టి బటన్ నొక్కాను. తలుపు కదల్లేదు. కరెంటు లేకపోతే తలుపు లేవదన్న సంగతి ఆ క్షణం దాకా నా బుర్రకి తట్టలేదు. చేత్తో ఎత్తబోయాను. అంగుళం కూడా లేవలేదు.

ఆ కంగారులో ఒక్క క్షణం, ముందు కారు స్టార్ట్ చేసి హీటర్ వేద్దామా అనుకున్నాను. ఎందుకు ఆగానో నాకే తెలియదు. మూసి ఉన్న గ్యారేజీలో కారు ఆన్ చేస్తే కార్బన్ మోనాక్సైడ్ నిండిపోతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. ఆ వారంలోనే మా రాష్ట్రంలో అలా వెచ్చదనం కోసం కారు ఆన్ చేసి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారని తర్వాత వార్తల్లో చదివి, చాలా రాత్రులు నిద్ర పట్టలేదు.

పక్కింటి తలుపు కొట్టాను. డెబ్బై దాటిన ఒంటరి అమెరికన్ ఆవిడ. కోటు వేసుకుని మెల్లగా వచ్చి, పైకి చూసి, మోటారు పట్టాలకి వేలాడుతున్న ఎర్ర తాడుని కిందికి లాగింది. టక్కుమని చప్పుడైంది. తర్వాత ఒక్క చేత్తో తలుపు ఎత్తేసింది. "ఇది నీకెవరూ చూపించలేదా?" అని అడిగింది. నేను ఎప్పుడైనా అడిగితే కదా ఎవరైనా చూపించడానికి! ఎనిమిదేళ్ళుగా ఆ తాడు నా నెత్తి మీదే వేలాడుతోంది.

ఇదేమీ నా ఒక్కదాని అజ్ఞానం కాదని తర్వాత తెలిసింది. 2017లో కాలిఫోర్నియాలో కార్చిచ్చులు వచ్చినప్పుడు కరెంటు పోయి, గ్యారేజీ తలుపులు తెరవలేక కొందరు చిక్కుకుపోయారు. దాంతో 2019 జూలై నుంచి అక్కడ కొత్తగా అమ్మే మోటార్లకి బ్యాటరీ కూడా ఉండాలని చట్టం తెచ్చారు. మా రాష్ట్రంలో మాకు తాడే దిక్కు.

ఆ తర్వాత మాన్యువల్ తీసి కూర్చున్నాను. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, ప్రబంధాలే చదివాను, ఇదేం బ్రహ్మవిద్యా అనుకున్నాను. నిజంగానే కాదు. తలుపుకి రెండు పక్కలా నేల నుంచి ఆరంగుళాల లోపు ఎత్తులో రెండు చిన్న కళ్ళుంటాయి. వాటి మధ్య ఏదైనా అడ్డొస్తే, మూసుకుంటున్న తలుపు వెనక్కి లేస్తుంది. తలుపుల కింద పడి పిల్లలు చనిపోతుంటే, 1993 నుంచి తయారయ్యే మోటార్లన్నిటికీ ఇలాంటి రక్షణ ఉండాలని ఈ దేశంలో నియమం పెట్టారు. అంతకు ముందు ఏడాది మా తలుపు సగం దిగి మళ్ళీ లేస్తోందని మనిషిని పిలిపిస్తే, అతను జేబులోంచి గుడ్డ తీసి ఆ కంటి మీది సాలెగూడు తుడిచి 85 డాలర్లు తీసుకుని వెళ్ళాడు. ఇప్పుడు ఆ పని నేను పాత చున్నీ ముక్కతో చేస్తున్నాను. బియ్యం బస్తా తగిలి కన్ను పక్కకి తిరిగినా అంతే, రెండూ ఎదురెదురుగా వచ్చేలా సర్దితే దీపం నిలకడగా వెలుగుతుంది. నెలకొకసారి తలుపు కింద ఒకటిన్నర అంగుళాల మందం చెక్క పెట్టి మూస్తాను. చెక్కకి తగలగానే తలుపు వెనక్కి లేవాలి. లేవకపోతే బాగుచేయించేదాకా దాన్ని వాడకూడదు.

ఇక పొడుగు బండి కథ. పోయిన వేసవిలో అత్తయ్యగారూ మామయ్యగారూ వస్తున్నారని మావారు ఏడుగురు పట్టే పెద్ద బండి చూసి వచ్చారు. ఎత్తు 76 అంగుళాలట. "మన తలుపు 84 అంగుళాలు, ఇంకా ఎనిమిది మిగులుతాయి" అన్నారు. నేను టేపు పట్టుకెళ్ళి కొలిచాను. తలుపు పూర్తిగా లేచాక కూడా దాని కింది రబ్బరు రెండంగుళాలు వేలాడుతోంది. అంటే 82. బండి పైన కమ్మీలూ యాంటెన్నా రెక్కా ఆ 76లో కలిశాయో లేదో షోరూములో మళ్ళీ కొలిస్తే 78 తేలింది. మిగిలింది నాలుగంగుళాలు.

"పడుతుంది కదా!" అన్నారు. పట్టింది. కానీ నెల తిరక్కుండానే సామాన్ల కోసం బండి నెత్తిన పదహారంగుళాల పెట్టె ఒకటి కొన్నారు. 78కి 16 కలిపితే ఎంతో మూడో తరగతి పిల్లని అడిగినా చెబుతుంది. వాకిట్లో నిలబడి చూసిన అత్తయ్యగారు, "తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుందిరా అబ్బాయ్" అన్నారు. టూరు నుంచి రాత్రి పదింటికి అలసిపోయి వచ్చినప్పుడు అలవాటు కొద్దీ లోపలికి పోనిచ్చేలోపు, నేను "ఏమండీ, పెట్టె!" అని అరిచాను కాబట్టి సరిపోయింది. ఇప్పుడు పెట్టె బిగించిన రోజున స్టీరింగు మీద పసుప్పచ్చ కాగితం అంటిస్తాను.

తలుపునే ఎనిమిదడుగులకి పెంచుదామన్నారు. దాని పైన ఉన్న దూలం మేడ బరువు మోస్తోంది. దాన్ని ఎత్తాలంటే ఇల్లు కోసి కట్టడమే. పట్టాలు మార్చి తలుపుని సీలింగుకి ఆనించి పెట్టవచ్చు గానీ, దాంతో గుమ్మం ఎత్తు పెరగదు. వెనక డిక్కీ తలుపు ఒక గొడవ. లోపల పెట్టాక అది పైకి లేస్తే, అప్పటికే తెరిచి ఉన్న గ్యారేజీ తలుపుకి తగులుతుంది. ముందు గ్యారేజీ మూసి, తర్వాత డిక్కీ తీయాలి. ఎంతవరకు లేవాలో డిక్కీకి నేర్పే ఏర్పాటు మా బండిలో ఉందని నేనే కనిపెట్టాను. పొడుగు సంగతికి, సీలింగు నుంచి దారంతో టెన్నిస్ బంతి వేలాడదీశాం. బంతి అద్దానికి తగిలితే ఆపాలి. లేకపోతే నా బియ్యం డ్రమ్ము ఆపుతుంది.

అసలు గొడవ స్ప్రింగు దగ్గర వచ్చింది. ఒక ఉదయం బాంబు పేలినట్టు చప్పుడు. వెళ్ళి చూస్తే తలుపు పైనున్న చుట్టల స్ప్రింగు రెండు ముక్కలై ఉంది. మామూలు స్ప్రింగు పది వేలసార్లు తెరిచి మూయడానికి చేస్తారు. రోజుకి ఆరుసార్లంటే నాలుగున్నరేళ్ళు. మాది ఎక్కువే బతికింది. మావారు ఫోన్లో వీడియో పెట్టుకుని నిచ్చెన వేశారు. నేను నిచ్చెన పట్టుకుని కదలలేదు. "మూడొందల డాలర్లు దండగ" అంటారు. ఆ చుట్టలో తలుపు బరువంతా ఎత్తేంత బిగువు ఉంటుంది. బిగించేటప్పుడు కడ్డీ జారితే వేళ్ళు పోతాయి, ముఖం పగులుతుంది. స్ప్రింగు తెగినప్పుడు ఎర్ర తాడు కూడా లాగకూడదు. తలుపు తెరిచి ఉంటే ఆ బరువంతా దబ్బున కిందపడుతుంది. ఇవన్నీ చెప్పాను. "నీకెలా తెలుసు?" అన్నారు. ఆ ప్రశ్న నాకు కొంచెం గుచ్చుకుంది. అయినా నిచ్చెన దిగారు. మనిషి వచ్చి గంటలో మార్చి వెళ్ళాడు.

నా స్నేహితురాలు ఒకామె అంటుంది, "ఇవన్నీ నేర్చుకుంటే ఇవీ మన నెత్తినే పడతాయి. తెలియదంటేనే సుఖం" అని. ఆ భయం నాకూ తెలుసు. మన ఇళ్ళలో ఒక పని వచ్చని ఒప్పుకుంటే ఆ పని మనదైపోతుంది. కానీ తెలియకపోవడంలో సుఖం ఎంతో ఆ ఫిబ్రవరిలో చూశాను. అయినా తెలిసినంత మాత్రాన అన్నీ నేనే చేయాలని లేదు. కన్ను తుడుస్తాను, స్ప్రింగు ముట్టుకోను. ఏది మన చేతి పని, దేనికి మనిషిని పిలవాలి అన్నది తెలిస్తే చాలు. పనిలో పనిగా, బండి కొనేముందు టేపు పట్టుకునే హక్కు కూడా మనకుంటుంది.

మా ఇంట్లో మాత్రం లెక్క సరిచేశాను. మా పెద్దమ్మాయికీ, ఎనిమిదేళ్ళు నిండిన చిన్నవాడికీ ఎర్ర తాడు చూపించాను. మావారికి, పిండి రుబ్బుతూ మిక్సీ ఆగిపోతే దాని అడుగున నొక్కాల్సిన ఎర్ర బటన్ చూపించాను. పద్దెనిమిదేళ్ళ కాపురంలో అది అక్కడుందని ఆయనకి తెలియదు.

మీ ఇంట్లో ఆ తాడు ఎక్కడుందో ఈ సాయంత్రం ఒకసారి చూడండి.