బండి సంగతులు: ఆయిల్ ముల్లు పడిపోయిన రాత్రి



ట్రాక్టరు రేడియేటరు గురించి రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను మొదట నవ్వించింది, తరువాత ఆలోచనలో పడేసింది. ఒక తండ్రిగారు రాశారు: "మా అబ్బాయి అమెరికాలో పాత స్పోర్ట్సు కారు కొన్నాడండి. ఆయిల్ తక్కువైందని దీపం వెలుగుతోందట. ఏం చేయమంటావు నాన్నా అని ఫోను చేశాడు. నలభై ఏళ్లు లారీ నడిపినవాణ్ణి, అయినా జవాబు చెప్పలేకపోయాను."

అయ్యా, మీరు చెప్పకపోవడమే మంచిదయింది. నేను చెప్పి ఏం తెచ్చుకున్నానో వినండి.

2016లో మా అక్క కొడుకు న్యూజెర్సీలో ఒక పాత పోర్షే 911 కొన్నాడు. 1987 మోడలు. కొత్తది కొనే స్తోమత వాడికి లేదు, పాతది కొనడమే పెద్ద సాహసం. ఆ డబ్బుతో ఊళ్లో ఇల్లు పూర్తి చేయొచ్చు కదా అని మా అక్క మూడు నెలలు వాడితో సరిగా మాట్లాడలేదు. ఒక ఆదివారం ఉదయం మేము ఆరాధనకు బయలుదేరబోతుంటే ఫోను వచ్చింది. అక్కడ శనివారం రాత్రి.

"మావయ్యా, హైవే మీద పోతుంటే ఆయిల్ లెవెలు ముల్లు పూర్తిగా కిందికి పడిపోయింది. ఎలాగో ఇల్లు చేరాను. అమ్మకు చెప్పొద్దు."

నేను నా అనుభవం కొద్దీ చెప్పాను. "ఒరేయ్, కంగారు పడకు. రాత్రంతా బండి చల్లారనీ. పొద్దున్నే స్టార్టు చేయక ముందు చదునైన చోట పుల్ల తీసి చూడు. తక్కువ ఉంటే గుర్తు దాకా పొయ్యి." లారీకైనా, అంబాసిడరుకైనా, ట్రాక్టరుకైనా ఇదే మాట చెప్పేవాణ్ణి. ఆ బండ్లకు ఈ రోజుకీ అదే సరైన మాట.

వాడు చెప్పినట్టే చేశాడు. తెల్లవారి పుల్ల తీస్తే దానికి ఆయిలే అంటలేదట. గుండె గుభేలుమని మూడు సీసాలు పోశాడు. అక్కడ ఆయిల్ క్వార్టు సీసాలలో అమ్ముతారు, ఒక్కొక్కటి లీటరుకు కొంచెం తక్కువ. బండి తీసుకుని నాలుగు మైళ్లు పోయేసరికి వెనకాల నీలి రంగు పొగ, రోడ్డంతా. రాత్రి భోజనాల వేళ మళ్లీ ఫోను. ఈసారి వాడి గొంతు వణుకుతోంది. ఇంజను పోయిందనే అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను, వాడితో అనలేదు గానీ.

ఇంజను పోలేదు. అలాంటి పాత కార్లు మాత్రమే చూసే ముసలి మెకానికు ఒకాయన దొరికాడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఆయిల్ ఎప్పుడు చూశావు, ఇంజను వేడిగా ఉండగానా, చల్లగా ఉండగానా?" చల్లగా అని చెబితే నవ్వేశాడట. ఎక్కువైన ఆయిల్ దించి, ఎయిర్ ఫిల్టరు పెట్టెలో చేరినది తుడిచి ఇచ్చాడు. వాడు భయపడినంత ఖర్చు కాలేదు. ఆయన చెప్పిన సంగతి మా వాడు నాకు చెప్పాడు, నేను సిగ్గుపడి పుస్తకాలు తిరగేశాను.

మన బండ్లలో ఆయిల్ అంతా ఇంజను కిందనున్న చాంబరులోనే ఉంటుంది. ఇంజను ఆపితే పైనున్నదంతా కారి చాంబరులో చేరుతుంది, పొద్దున్నే చూస్తే లెక్క సరిగా తెలుస్తుంది. 1998 దాకా తయారైన గాలితో చల్లబడే 911 ఇంజనులో పద్ధతి వేరు. అందులో ఆయిలుకు విడిగా ఒక ట్యాంకు. ఒక పంపు ట్యాంకులోని ఆయిలును ఇంజనుకు పంపుతుంది, ఇంకొక పంపు ఇంజను అడుగుకు కారిన దాన్ని తోడి మళ్లీ ట్యాంకులో పోస్తుంది. మిద్దె మీద నీళ్ల ట్యాంకు, కింద సంపు ఉన్న ఇల్లు ఊహించుకోండి. రాత్రంతా మోటారు ఆపేశారు, పై ట్యాంకు కారిపోయి నీళ్లన్నీ సంపులో చేరాయి. పొద్దున్నే మిద్దె ఎక్కి చూసి ఇంట్లో నీళ్లు లేవనుకుంటే ఎలా? ఇంకో ట్యాంకరు తెప్పించి పోస్తే, మోటారు వేసిన తరువాత వీధంతా మడుగే. మా వాడి కారులో జరిగింది అదే. పుల్ల ట్యాంకులో ఉంది, ఆయిల్ ఇంజను అడుగున ఉంది. వాడు మళ్లీ నింపాడు. ఇంజను తిరగగానే పంపు కిందిదంతా పైకి తోడింది, పట్టనిది గాలి గొట్టంలోంచి ఫిల్టరులోకి, అక్కడినుంచి ఇంజనులోకి పోయి పొగైంది.

అందుచేత ఆ కారుకు ఆయిల్ చూడవలసింది ఇంజను బాగా వేడెక్కిన తరువాత, చదునైన చోట, ఇంజను ఐడిలింగులో తిరుగుతూ ఉండగానే. మన లారీ డ్రైవరు ఎవరైనా ఆ మాట వింటే పిచ్చివాడంటాడు. ఎదుట బోర్డులో ఉండే లెవెలు ముల్లు కూడా ఆ స్థితిలోనే నిజం చెబుతుంది. హైవే మీద వేగంగా పోతున్నప్పుడు అది కిందికి పడిపోవడం ఆ కారుకు సహజమే. ఆ రాత్రి ఏ తప్పూ జరగలేదన్నమాట. తప్పు మరుసటి ఉదయం మేమిద్దరం కలిసి చేశాం.

ఇక ఉత్తరం రాసిన తండ్రిగారి ప్రశ్నకు వస్తాను. మీ అబ్బాయిని ముందు దీపం రంగు అడగండి. పసుపు రంగా, ఎరుపు రంగా? (నూనె, దీపం అనగానే పదిమంది కన్యకలు గుర్తుకు వస్తారు, ఆ సంగతి పాస్టరుగారికి వదిలేస్తున్నాను.) ఈ కాలపు కార్లలో చాలా వాటికి పసుపు దీపం అంటే ఆయిల్ మట్టం తగ్గిందని, చూసుకోమని. ఎర్రటి ఆయిల్ డబ్బా బొమ్మ అయితే అది మట్టం సంగతి కాదు, ఒత్తిడి సంగతి. ఆయిల్ బేరింగులకు చేరడం లేదని అర్థం. నడుస్తుండగా అది వెలిగితే ఇంటిదాకా పోదాం, పెట్రోలు బంకుదాకా పోదాం అనుకోకూడదు. పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపాలి, తాళ్లు కట్టి లాగించుకు పోవాలి. ఒక మైలు ఆశకు ఇంజను పట్టేసిన బండ్లను నా షెడ్డులో చాలా చూశాను. తాళం తిప్పినప్పుడు ఎర్రదీపం వెలిగి, స్టార్టు కాగానే ఆరిపోవడం మాత్రం సరైనదే. తాళం తిప్పినా అది వెలగకపోతేనే అనుమానించండి, బల్బు పోయి ఉండవచ్చు.

పసుపు దీపమైతే తొందర లేదు, అలాగని వారం వాయిదా వేయడానికీ లేదు. స్పోర్ట్సు కారు విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి, ఎందుకంటే అది వేగంగా మలుపు తిరిగే బండి. మలుపులో కడవలోని నీళ్లు ఒక పక్కకు ఒరిగినట్టు చాంబరులో ఆయిల్ ఒక పక్కకు పోతుంది. నిండుగా ఉంటే పంపు నోరు మునిగే ఉంటుంది. తక్కువగా ఉంటే ఆ క్షణం పంపు గాలి పీలుస్తుంది, బేరింగులు ఎండిపోతాయి. మెల్లగా పోయే బండికి చెల్లే కొరత దీనికి చెల్లదు.

పోసేటప్పుడు అర లీటరు పోసి, కాసేపు ఆగి, మళ్లీ చూడాలి. చాలా కార్లలో కింది గుర్తుకూ పై గుర్తుకూ మధ్య దూరం సుమారు ఒక లీటరే, గాభరాలో డబ్బా ఒంపేస్తే హద్దు దాటుతుంది. చాంబరులో ఎక్కువైతే తిరిగే క్రాంకు ఆయిలును మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది, నురగ వస్తుంది. నురగకు ఒత్తిడి నిలవదు. ఎక్కువ పోసినవాడికీ తక్కువ పోసినవాడికీ చివరికి అదే బిల్లు వస్తుంది.

కొన్ని కార్లలో చూద్దామంటే పుల్లే ఉండదు. 2004లో వచ్చిన 997 తరం 911లో దాన్ని తీసేసి, కొలత ఎదుటి తెర మీద చూపే ఏర్పాటు చేశారు. నాకు ఆ ఏర్పాటు నచ్చదు. గుడ్డతో తుడిచి, ముంచి, వెలుతురులో చూస్తే ఆయిల్ ఎంతుందో కాదు, ఎలా ఉందో కూడా తెలుస్తుంది. సరే, అలాంటి కారైతే చదునైన చోట ఆపి, దాని పుస్తకంలో చెప్పినంతసేపు ఆగి, తెర చెప్పింది నమ్మవలసిందే.

ఇంకొక మాట. మీ అబ్బాయి కొన్నది మాజ్దా ఆర్‌ఎక్స్-8 అయితే భయపడవద్దు. 2003 నుంచి 2012 దాకా తయారైన ఆ కారులో పిస్టన్లు లేవు, మూడు మూలల రోటరు తిరుగుతుంది. దాని అంచుల సీళ్లు అరగకుండా ఒక చిన్న పంపు ఇంజను ఆయిలునే కొద్దికొద్దిగా లోపలికి చిమ్ముతుంది, అది పెట్రోలుతో పాటు కాలిపోతుంది. పాత చేతక్ స్కూటరుకు పెట్రోలులో టూటీ ఆయిల్ కలిపిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఇదీ అలాంటిదే, కలిపే పని ఇంజను చూసుకుంటుంది. ఆ కారు ఆయిల్ తాగడం జబ్బు కాదు. దీపం కోసం ఎదురు చూడకుండా రెండుసార్లు పెట్రోలు పోయించినప్పుడల్లా పుల్ల చూడాలి, డిక్కీలో ఒక సీసా ఉంచుకోవాలి.

"మా ఇంట్లో ఉన్నది స్ప్లెండరు ఒక్కటే, ఈ గొడవ మాకెందుకు" అంటారేమో. ఆ బండిలో కూడా ఈ మెలిక ఉంది. దాని ఆయిల్ పుల్ల మూతకు అతికి ఉంటుంది, మూతకు మరలు ఉంటాయి. చూసేటప్పుడు మరలు బిగించకూడదు, ఊరికే ఆనించి తీయాలి. బిగించి చూస్తే పుల్ల లోతుగా మునిగి, లేని ఆయిల్ ఉన్నట్టు కనిపిస్తుంది. బండిని మెయిన్ స్టాండు మీద నిటారుగా నిలబెట్టి, కాసేపు నడిపి ఆపిన రెండు మూడు నిమిషాలకు చూడండి.

మా మేనల్లుడు ఆ కారును ఇంకా అమ్మలేదు. వాళ్ల అమ్మ 2019లో అక్కడికి వెళ్లినప్పుడు ఎయిర్‌పోర్టు నుంచి అందులోనే తీసుకుపోయాడు. దారిలో ముల్లు కిందికి పడిపోతే "ఒరేయ్, అదేదో పడిపోయింది చూడు" అందట మా అక్క. "పడనీలే అమ్మా, ఆగినప్పుడు లేస్తుంది" అన్నాడట వాడు.