గుట్ట కనిపించే ఫ్లాట్

సైదాబాద్ నుంచి ఆఫీసుకి రోజూ మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కుతా. బాగ్ అంటే తోట. ఇప్పుడది స్టేషన్ బోర్డు మీదే ఉంది. నిజాం కొలువులో ఫ్రెంచ్ సేనాని మాన్షియర్ రేమండ్ (1798లో చనిపోయాడు) పేరే జనం నోట్లో నలిగి హిందువులకి మూసా రామ్, ముస్లింలకి మూసా రహీం అయిందంటారు. ఆయన సమాధి మాత్రం అస్మాన్‌గఢ్ గుట్ట మీద మిగిలింది. గుట్ట ఎక్కడ ఆగి కాలనీ ఎక్కడ మొదలైందో ఇప్పుడు చెప్పడం కష్టం.

మొన్న ఒక ఫ్లాట్ చూశాం. బాల్కనీలోంచి గుట్ట కనిపిస్తోందని అమ్మ మురిసిపోయింది. ఎదురు ప్లాట్‌లో పిల్లర్లు లేస్తున్నాయని నేను చెప్పలేదు. అసలు మేం కొనబోయే బిల్డింగ్ కూడా వెనకింటి వాళ్లకి ఆ గుట్టని మూసేసిందే కదా!

లోన్ ఓకే అని బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఇంకా రిప్లై ఇవ్వలేదు.